సర్దుకుపోవడం తెలియని డీప్ ఫ్రీజర్ గారికి

మహారాజశ్రీ డీప్ ఫ్రీజర్ గారి దివ్యసముఖమునకు నరసరావుపేట ఫ్రిజ్ మెకానిక్ నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం సంగతి మీ ఓనరు గారు పొద్దున్నే ఫోన్‌లో చెప్పారు. "కూలింగ్ లేదయ్యా, గ్యాస్ అయిపోయింది, సిలిండర్ పట్టుకురా" అన్నారు. రోగమేంటో మందేంటో ఆయనే తేల్చేశాక ఇక నాకు మిగిలింది పానా తిప్పడమే. ఆ పని మీదే వస్తున్నాను గానీ, ముందుగా మీతో కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

కోపం తెచ్చుకోకండి, తప్పంతా మీదే. మీకు సర్దుకుపోవడం తెలీదు.

మా ఊళ్లో సర్దుకుపోనిదంటూ ఏదీ లేదు. ముగ్గురి ఆటోలో ఎనిమిది మంది సర్దుకుంటారు. ఒక్క మీటరు మీద మిక్సీ, గ్రైండరు, రెండు ఏసీలు, పక్కింటి వాళ్ల పెళ్లి సీరియల్ లైట్లు సర్దుకుంటాయి. మీరొక్కరే కొట్లో కాలు పెట్టీపెట్టగానే వీపు వెనక నాలుగంగుళాల జాగా అడుగుతారు. అద్దె అడుగుల లెక్కన కట్టే మనిషి మీ వీపు కోసం గోడకు దూరం జరగాలా? ఆ సందులోనే కదా చీపురు, ఖాళీ సీసాల కేసులు, పోయినేటి క్యాలెండర్లు ఉండాల్సింది! అదేమంటే, చలి తయారు చేయడం కాదు నా ఉద్యోగం, సరుకులోని వేడిని లాగి బయట పారేయడం, ఆ వేడి పోవడానికి దారుండాలి అంటారు. పక్కనే పొయ్యి వద్దంటారు. ఎండ పడకూడదంటారు. మీ వివరాల ప్లేటు మీద 'టి' అనే అక్షరముంటే 43 డిగ్రీల దాకా తట్టుకుంటారట. మాది పల్నాడండీ. రెంటచింతల మా జిల్లాలోనే ఉంది. మేలో ఇక్కడ 43 అంటే కాస్త చల్లబడిందని అర్థం. రేకుల షెడ్డు కింద, ఉల్లిగారెల మూకుడు పక్కన, గోడకు అతుక్కుని నిలబడి మీరు ఎంతని చెప్పుకుంటారు?

మీ రాక సంగతి చూద్దాం. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో ఐస్‌క్రీమ్ అంగడి పెట్టేవాళ్లు ట్రాలీ ఆటోలో చోటు చాలక మిమ్మల్ని నిట్టనిలువుగా లేపి, తాళ్లతో బిగించి తెస్తారు. కంప్రెసర్‌లో ఉండాల్సిన ఆయిల్ పైపుల్లోకి పాకుతుంది. దించి సమంగా నిలబెట్టాక కొన్ని గంటలు, బాగా వాల్చి తెస్తే ఒక రోజు, స్విచ్ వేయొద్దని మీ పుస్తకంలో రాసుంటుంది. ఆ పుస్తకం పాలిథిన్ కవర్లోంచి బయటికి రాదు. కొబ్బరికాయ కొట్టడానికి రాహుకాలం దాటేదాకా గంటన్నర ఓపిగ్గా కూర్చునే మనుషులు, ఆయిల్ దిగేదాకా మాత్రం ఆగలేరు. మీరు కూడా పంచాంగం ప్రకారం పాడవడం నేర్చుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

ఇక కరెంటు దగ్గర మీ షోకులు ఇన్నీఅన్నీ కావు. మీకు విడిగా 16 ఆంప్స్ పవర్ ప్లగ్ కావాలి, దానికో ఎంసీబీ, అంటే లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు, ఉండాలి, నిజంగా నేలలోకి దిగిన ఎర్త్ ఉండాలి. 'నిజంగా' అని ఎందుకంటున్నానంటే, చాలా కొట్లలో సాకెట్‌కి కన్నాలైతే మూడుంటాయి, పైనున్న పెద్ద కన్నం వెనక వైరు మాత్రం ఉండదు. గోడకు అలంకారం.

పోయిన ఎండాకాలం ఒక కర్రీ పాయింట్‌లో మీ చుట్టం ఒకరిని చూశాను. ప్లగ్గు టాపు ఒక పక్క కాలి గోధుమరంగుకి తిరిగింది. జంక్షన్ బాక్సు కన్నంలో పట్టదని ఎర్త్ పిన్నుని హాక్సా బ్లేడుతో కోసేశారు. అదే బాక్సులో మిక్సీ వైరు ఉంది, దానికి ప్లగ్గే లేదు. రెండు రాగితీగలు కన్నాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు బిగించారు. బాక్సు ఫ్రీజర్ కిందే, గచ్చు మీద, కూరగాయలు కడిగిన నీళ్లకు జానెడు దూరంలో ఉంది. గిన్నెలు తోమే ఆవిడ "మూత ముట్టుకుంటే జివ్వుమంటోందయ్యా" అని ఓనరుతో అంటోంది. ఆయన లెక్క చూసుకుంటూనే "చెప్పులేసుకుని ముట్టుకో అమ్మా" అన్నాడు. అదీ ఆ కొట్టు ఎర్తింగ్ వ్యవస్థ: ఒక జత హవాయి చెప్పులు. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే చాలు, రెప్పపాటులో కరెంటు కోసేసే ఆర్‌సీసీబీ అని ఒకటుందని చెప్పాను. దాని రేటు అడిగాడు. చెప్పాను. "చెప్పులు ఇంకో జత కొనిస్తాలే" అన్నాడు. నేను ఆ బాక్సు పీకి, కోసిన పిన్ను మార్చి, ఎర్త్ లాగించేదాకా స్విచ్ వేయనని మొండికేశాను. అప్పుడాయన మిమ్మల్ని కాదు, నన్ను అన్నాడు సర్దుకుపోవడం తెలీదని.

ఓల్టేజీ విషయంలోనూ మీది అదే వరస. 230 ఉండాలంటారు. సాయంత్రం పూట అది 180కి జారితే కంప్రెసర్ ఊఁ అని మూలిగి, టక్కుమని ఆగి, మళ్లీ ఊఁ అంటుంది. దానికి స్టెబిలైజర్ పెట్టాలి. కరెంటు పోయి వెంటనే వస్తే లోపలి ప్రెషర్ సర్దుకోవడానికి మూడు నిమిషాలైనా ఆపి వదిలే రకం కావాలి. ఓనర్లు ఇంట్లో టీవీ కోసం కొన్న చిన్న స్టెబిలైజర్ తెచ్చి మీకు తగిలిస్తారు. వెలిగే పచ్చలైటు చూసి ఇద్దరూ తృప్తిపడాలి కదా, మీరు పడరు.

గ్యాస్ సంగతికొస్తే, ఇది మా వృత్తిరహస్యం, ఎవరితో అనకండి. మీలో గ్యాస్ 'అయిపోదు'. వాడితే తరగడానికి అది బండిలో పెట్రోలు కాదు. మూసిన గొట్టాల్లో తిరిగేది తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడినట్టు. ఆ కన్నం వెతకాలి, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి, అతకాలి, గొట్టాల్లోని తడి పీల్చే డ్రయ్యర్ మార్చాలి, పంపుతో లోపలి గాలంతా లాగేసి వ్యాక్యూమ్ తీయాలి, ప్లేటు మీద రాసినన్ని గ్రాములు కాటా వేసి పట్టాలి. ఇదంతా పూటంతా పట్టే పని. ఉన్న కన్నం ఉండగానే పైన ఇంత గ్యాస్ పట్టి పోతే పావుగంటలో అయిపోతుంది, రెండు నెలలకు మళ్లీ ఫోనొస్తుంది. కొందరు మెకానిక్‌లకు మీ కన్నమే పింఛను.

అందులోనూ మీ కొత్త తరం వాళ్ల వీపు మీద పసుపు త్రికోణంలో మంట బొమ్మ ఉంటుంది. ఓనర్లు దాన్ని కంపెనీ గుర్తనుకుంటారు. వాళ్ల గొట్టాల్లో తిరిగే గ్యాస్ ఆర్-290. ఆర్-290 అంటే ప్రొపేన్, వంటగ్యాస్ బండలో ఉండే సరుకే. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఓజోన్‌ను తినే గ్యాస్‌లు ఒక్కొక్కటే ఇంటిదారి పట్టాయి. వాటి చోట వచ్చిన 134ఏ అనే గ్యాస్ ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. ప్రొపేన్ ఆ రెండు పనులూ దాదాపు చేయదు. అంటుకోవడం ఒక్కటే దాని దుర్గుణం. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల్లో ఇలాంటి వాణిజ్య ఫ్రీజర్లకు చాలాకాలం 150 గ్రాములకు మించనివ్వలేదు, 2019లో కట్టుబాట్లు పెట్టి 500 దాకా వదిలారు. గాలికన్నా బరువు కాబట్టి కారితే నేలబారున పేరుకుంటుంది. ఆ నేల మీదే మన జంక్షన్ బాక్సు పడుకుని ఉంది, పక్కన పొయ్యి వెలుగుతోంది. లోపల మంచు గడ్డకట్టిందని కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో గోడలు పొడుస్తున్నాడు. ఆ గోడల వెనకే గొట్టాలుంటాయని వాడికెవరూ చెప్పలేదు. మంచు అర సెంటీమీటరు దాటితే సరుకు ఇంకో దాంట్లోకి మార్చి, ప్లగ్గు పీకి, మూత తెరిచి దానంతటది కరగనివ్వండి అంటారు మీరు. కొట్టు మూసుకుని మీ స్నానం కోసం కూర్చోవాలన్నమాట!

లాగిన వేడిని బయటికి వదిలే మీ కండెన్సర్ గురించి రాయాలంటే చెయ్యి రావట్లేదు. చికెన్ సెంటర్లో అయితే ఈకలు, బేకరీలో అయితే మైదా, బట్టలకొట్టు పక్కనైతే నూలుపోగులు. జాలీ విప్పితే రేకుల మధ్య దుప్పటి నేసినట్టు మందాన ఉంటుంది. ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో నెలకోసారి దులిపితే చాలు, సగం 'గ్యాస్ అయిపోయిన' కేసులు అక్కడే తేలిపోతాయి. నీళ్లు కారే ట్రే ఉన్న రకానికి అదీ వారానికోసారి పారబోసి రుద్దాలి. డెంగీ దోమకు మంచి నీళ్లంటే ఇష్టం, ఫ్రిజ్ ట్రే దాని పుట్టిల్లు.

దులపరు గానీ దసరాకు మాత్రం లోటు చేయరు. ఆయుధపూజ నాడు మీకు పసుపు, చందనం, మూత మీద నిమ్మకాయ, మెడలో బంతిదండ. కుంకుమబొట్టు సరిగ్గా డిస్‌ప్లే అంకెల మీద పెడతారు. ఆ బొట్టు ఉగాది దాకా ఉంటుంది. లోపల ఉండాల్సిన మైనస్ 18 ఉందా, మైనస్ 4 ఉందా అన్నది అమ్మవారికే తెలియాలి.

అన్నిటికన్నా ఘనమైనది రాత్రి పొదుపు. పదింటికి షట్టర్ దించుతూ మెయిన్ ఆపేస్తారు. పాపం కరెంటు బిల్లు. మూత గట్టిగా పడి, లోపల నిండుగా సరుకుంటే ఒక రోజు పైనే చలి నిలబెడతారు మీరు, నేనెరుగుదును. కానీ అది ముతక మూత ఉన్నవాళ్ల సంగతి. గాజు తలుపులు, చిరిగిన రబ్బరు ఉన్నవాళ్లకు ఆ ఓపిక ఎక్కడిది? పదిరూపాయల నోటు రబ్బరు దగ్గర పెట్టి మూతేసి లాగితే చేతికి జారి వచ్చేస్తోంది. పొద్దునకు ఐస్‌క్రీమ్ పాయసం, మధ్యాహ్నానికి మళ్లీ గడ్డ. తింటే పళ్ల కింద ఇసుకలాగా కరకర. రాత్రి మిగిల్చిన కరెంటంతా పగలు ఎండలో, ఆ గడ్డను మళ్లీ గడ్డ చేయడానికే అయిపోతుంది. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో ఐసు తెచ్చారట. నాలుగు నెలల ప్రయాణం, ఎక్కించిన 180 టన్నుల్లో 100 టన్నుల దాకా మిగిలింది. ఆ వ్యాపారం మద్రాసుకూ వచ్చింది, 1842లో కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ సముద్రం ఒడ్డున ఉంది. కంప్రెసర్ లేదు, కరెంటు లేదు, ఉన్నదల్లా రంపప్పొట్టు, మూత తీయని బుద్ధి. మన వీధిలో రెండోదే దొరకదు. పాప ఏ రంగు పుల్లైసు కావాలో తేల్చుకునేదాకా మీ మూత తెరిచే ఉంటుంది.

లోపలి కాపురం సంగతి మీకే బాగా తెలుసు. పొగలు కక్కే మటన్ కూర గిన్నెతో సహా దించుతారు, పక్క సరుకంతా చెమట పడుతుంది. వెడల్పు పళ్లాల్లో పోసి, రెండు గంటల్లోపు 21 డిగ్రీలకు దించి అప్పుడు లోపల పెట్టాలన్నది ఎవరికి పట్టింది? పచ్చి కోడి పైన, రేపటి ఉలవచారు కింద. ఆహారభద్రత లైసెన్సుకు 2011 నిబంధనల నాలుగో షెడ్యూల్లో వీటన్నిటికీ ఏర్పాటుంది. లైసెన్సు కాగితం గోడకు ఫ్రేమ్ కట్టి ఉంది, దాని షెడ్యూలు ఎవరికీ కనపడలేదు. 'చలిలో పెట్టాంగా, క్రిములు చచ్చిపోయుంటాయి' అనేది ఇక్కడి శాస్త్రం. మీరు చంపరు, నిద్రపుచ్చుతారంతే. ప్లేటులోకి వచ్చి వెచ్చబడగానే అవి లేస్తాయి.

ఇంతకీ, పదకొండింటికి వస్తున్నాను. సిలిండర్ తేవడం లేదు. బ్రష్, మీటరు, కొత్త ప్లగ్గు టాపు తెస్తున్నాను. ముందు మిమ్మల్ని గోడ నుంచి లాగుతాను, జాలీ దులుపుతాను, సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూస్తాను. అంతటితో మీరు చల్లబడతారనే నా అంచనా. చిక్కు ఏంటంటే, గ్యాస్ పట్టానంటే మీ ఓనరు గారు మారు మాట్లాడకుండా జేబులో చెయ్యి పెడతారు. దుమ్ము దులిపానంటే "దులిపినందుకు కూడా డబ్బులా?" అంటారు. నేనేం చేయాలో మీరే చెప్పండి.

ఇట్లు,
మీ వీపు మాత్రమే ఎరిగిన
ఫ్రిజ్ మెకానిక్

తా.క.: పాతసామాన్ల వాడు మీ కోసం వచ్చిన రోజు మూత మడతబందుల నుంచి ఊడదీయించమని ఓనరు గారికి ముందే చెప్పి ఉంచుతాను. దాగుడుమూతలాడే పిల్లలు లోపలికి దూరి, బయటికి రాలేక చనిపోయిన సంఘటనలు జరిగాకే అమెరికాలో 1956లో ఇంటి ఫ్రిజ్‌ల తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలని చట్టమే చేశారు. మీ కంప్రెసర్ గొట్టాన్ని కటింగ్ ప్లేయర్‌తో పుటుక్కున తెంపొద్దని వాడికీ చెబుతాను. వాడు నవ్వుతాడు.