సవరణ: శాస్త్రిగారి రాజీనామా ఏ ప్రమాదానికి?

లాల్ బహదూర్ శాస్త్రిగారి కర్తవ్యనిష్ఠ గురించిన మునుపటి పోస్టులో, మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం జరగగానే ఆయన రైల్వే మంత్రి పదవి వదిలేశారని ఉంది. అది సగమే నిజం. 1956 సెప్టెంబరులో ఆ ప్రమాదం తర్వాత ఆయన రాజీనామా ఇచ్చిన మాట వాస్తవమే, కానీ నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళ ప్రాంతంలోని అరియలూరు దగ్గర మరో రైలు ప్రమాదంలో వందమందికి పైగా చనిపోయారు. శాస్త్రిగారు మళ్లీ రాజీనామా ఇచ్చారు. తప్పు ఆయనది కాకపోయినా, ఒక మంచి సంప్రదాయం నిలబడాలనే ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులో చెప్పారు. నాకైతే ఈ రెండో రాజీనామాయే గొప్పది. ఒకసారి వద్దన్నాక ఊరుకుని ఉంటే ఆయన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.