విమానం సరే, ఇంజిన్ మాటేమిటి?

విమానయాన సంస్థలు కొత్త ఆర్డర్లు ప్రకటించిన రోజు హడావుడి అంతా ఇంతా కాదు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలు కొంటున్నామన్నప్పుడు అమెరికా, ఫ్రాన్స్ అధ్యక్షులు సైతం హర్షం ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో ఇండిగో ఏకంగా 500 ఎయిర్‌బస్‌లకు ఆర్డరిచ్చింది. ఆ తర్వాత ఆ ఆర్డర్లలో ఏ మార్పు జరిగింది, ఏ ఇంజిన్ ఎంచుకున్నారు అన్నది మాత్రం వాణిజ్య పేజీలో ఏ మూలకో పోతుంది. విశాఖ వంటి నగరం చదవాల్సిన వార్త ఆ మూలనే ఉంది.

ఎయిర్‌బస్ ఏ320నియోగా రాసుకున్న ఆర్డరును కాస్త పొడుగాటి ఏ321నియోగా మార్చుకోవడం ఈ రంగంలో మామూలే. ఇండిగో కూడా ఆ పని చేసింది. 180, 186 సీట్ల చోట 220కి పైగా సీట్లు వస్తాయి. పైలట్లు ఇద్దరే, స్లాట్ (విమానాశ్రయంలో దిగడానికో ఎగరడానికో కేటాయించే వేళ) ఒక్కటే, కాబట్టి సంస్థకు గిట్టుబాటు. నౌకాదళం వేళలకు సర్దుకుంటూ దాని స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నుంచి నడుస్తున్న విశాఖకు కూడా పెద్ద విమానమే మేలు, ఉన్న కాసిని వేళల్లో ఎక్కువ మంది ఎక్కుతారు. విశాఖ కొత్త విమానాశ్రయం భోగాపురంలో ఈ లెక్క తిరగబడుతుంది. 3,800 మీటర్ల రన్‌వే ఉండి, వేళల ఇబ్బంది లేనప్పుడు మనకు కావాల్సింది రోజుకు రెండు నిండు విమానాలు కాదు, నాలుగు వేళల్లో నాలుగు. పొద్దున్నే హైదరాబాద్ వెళ్లి పని ముగించుకుని రాత్రికి ఇల్లు చేరాలనుకునే గాజువాక వ్యాపారికి సీట్ల సంఖ్యతో పని లేదు, టైముతోనే పని. పైగా నగరం నుంచి భోగాపురానికి 40 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం ఎటూ తప్పదు.

ఇక ఇంజిన్. ఎయిర్‌బస్ ఏ350 కొంటే రోల్స్ రాయిస్ ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ తప్ప వేరే దారి లేదు. బోయింగ్ 737 మ్యాక్స్‌కు సీఎఫ్ఎం కంపెనీ చేసే లీప్ ఒక్కటే. ఏ320నియో కొనేవారికి మాత్రం ప్రాట్ అండ్ విట్నీయా, సీఎఫ్ఎమ్మా అని ఎంచుకునే వీలుంది. తొలి ఆర్డర్లకు ఇండిగో, గో ఎయిర్ రెండూ ప్రాట్ ఇంజిన్‌నే ఎంచుకున్నాయి. ముందుండే ఫ్యాన్‌కూ లోపలి టర్బైన్‌కూ మధ్య గేర్‌బాక్స్ పెట్టి, ఫ్యాన్‌ను టర్బైన్ వేగంలో దాదాపు మూడో వంతుతో తిప్పడం దాని ప్రత్యేకత. ఇంధనం ఆదా, చప్పుడు తక్కువ. కాగితం మీద తిరుగులేని బేరం.

గేర్‌బాక్స్ నిలబడింది. దెబ్బ వేరే చోట తగిలింది. 2018 మార్చిలో ఆ ఇంజిన్లున్న 11 విమానాలను విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక్కసారిగా ఆపేసింది. మరుసటి ఏడాది ఇండిగో 280 విమానాలకు లీప్ ఇంజిన్లు తీసుకుంటామంటూ ఇంజిన్ కంపెనీనే మార్చేసింది. అసలు పిడుగు 2023 జులైలో పడింది. టర్బైన్ డిస్కులను నికెల్ మిశ్రమ లోహపు పొడిని అధిక వేడి, ఒత్తిడితో అచ్చుపోసి చేస్తారు. 2015 చివరి నుంచి 2021 దాకా తయారైన పొడిలో మలినం చేరిందని, పగుళ్లు రావచ్చని ప్రాట్ మాతృసంస్థ ప్రకటించింది. కంటికి ఆనని నలుసు కోసం ఇంజిన్‌ను రెక్క కింద నుంచి దించి, మొత్తం విప్పి, అల్ట్రాసౌండ్‌తో డిస్కు డిస్కూ చూడాలి. మరమ్మతు షాపుల్లో క్యూ పెరిగి ఒక్కో ఇంజిన్‌కు 250 నుంచి 300 రోజులు పడుతుందని కంపెనీయే చెప్పింది. అన్నాళ్లూ ఆ విమానం ఇంజిన్ లేకుండా పార్కింగ్‌లో పడి ఉంటుంది. లీజు అద్దె మాత్రం ఆగదు.

ఇక్కడ ఒక తేదీ గుర్తు చేయాలి. 2023 మే 3న భోగాపురంలో శంకుస్థాపన జరిగింది (రెండోసారి అనుకోండి). సరిగ్గా ఆ రోజే, అప్పటికే గో ఫస్ట్‌గా పేరు మార్చుకున్న గో ఎయిర్ విమానాలు ఆగిపోయాయి. 54 విమానాల్లో దాదాపు సగం ఇంజిన్లు లేక మూలపడ్డాయని, అందుకే దివాలా తీశామని ఆ సంస్థ అంది. ప్రాట్ ఆ వాదన ఒప్పుకోలేదు. తప్పెవరిదైనా ఆ సంస్థ మళ్లీ సర్వీసులు నడపలేదు. 2025 జనవరిలో సంస్థను అమ్మి లెక్క తేల్చేయమని కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది.

విమానాలు తగ్గినప్పుడు ఏ సంస్థా ఢిల్లీ–ముంబై సర్వీసును ముందు కోయదు. కోత మొదలయ్యేది రెండో శ్రేణి నగరాల్లోనే. మార్కెట్‌లో 60 శాతానికి పైగా ఒక్క సంస్థ చేతిలో ఉంటే ఏమవుతుందో 2025 డిసెంబరులో ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దయినప్పుడు దేశమంతా చూసింది. అప్పుడు కారణం పైలట్ల డ్యూటీ వేళలు. రేపు ఇంజిన్ కావచ్చు. లీప్ కూడా నిష్కళంకం కాదు. వేడి, దుమ్ము ఉన్న చోట్ల దాని టర్బైన్ బ్లేడ్లు అనుకున్నదానికంటే త్వరగా అరుగుతున్నందునే కొత్త రకం బ్లేడ్లు తేవాల్సి వచ్చింది.

రాష్ట్ర ప్రభుత్వానికి మేం చెప్పేది ఒకటే. కొత్త సర్వీసుల కోసం సంస్థలకు రాయితీలిచ్చే ముందు ఏ విమానం పెడతారు, దానికి ఏ ఇంజిన్, స్పేర్ ఇంజిన్ ఎక్కడుంది అని అడగాలి. ప్రజల సొమ్ముతో 2018 డిసెంబరులో మొదలైన విజయవాడ–సింగపూర్ సర్వీసు ఏడాది తిరక్కుండానే ఆగింది. అప్పుడు అడగనివి ఇప్పుడైనా అడగాలి. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పక్కనున్న శ్రీకాకుళం ఎంపీయే కాబట్టి, మూలపడ్డ విమానాల వివరాలను ప్రతి సంస్థా మూడు నెలలకోసారి బయటపెట్టేలా నిబంధన తేవడం ఆయన చేతిలో పని.

రెండోది మరమ్మతు. లీప్ ఇంజిన్ల కోసం సాఫ్రాన్ హైదరాబాద్‌లో 2025 నవంబరులో పెద్ద కేంద్రం తెరిచింది. దానికి పోటీగా మరొకటి కావాలని పట్టుబట్టడం దండగ. భోగాపురానికి తగినవి రాత్రివేళ తనిఖీలకు హ్యాంగర్లు, స్పేర్ ఇంజిన్ ఉంచే గోదాము, టెక్నీషియన్ల శిక్షణ. మనుషులు దొరకరన్న బెంగ అక్కర్లేదు. అరకు మీదుగా రైలెక్కితే వచ్చే కొరాపుట్ జిల్లా సునాబేడలో హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) సంస్థ దశాబ్దాలుగా మిగ్, సుఖోయ్ ఇంజిన్లు చేస్తోంది. విశాఖ ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల పిల్లలను ఆ అనుభవంతో కలిపే కోర్సు ఉండాలి. విమానాల శీతాకాలపు షెడ్యూలు ఏటా అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతుంది. సంస్థలు స్లాట్లకు దరఖాస్తు చేసుకునేది అంతకు నెలల ముందు. ఈ ప్రశ్నలన్నీ వేయాల్సింది అప్పుడే.