పెళ్లిచూపుల్లోనే అన్ని ప్రశ్నలూ

వాలంటీర్లు నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో ఒక వింత ఆచారం ఉంది. ఏదైనా పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అందులో లేకపోతే, ఆ లేకపోవడాన్నే లోపంగా రాసుకుంటారు. దానికో బగ్ నంబరు పడుతుంది. 'ఎవరైనా దీన్ని తెచ్చిపెట్టండి' అని అడిగితే అది ఆర్ఎఫ్‌పీ. 'నేను తెస్తాను' అని ఒకరు ముందుకొస్తే అదే బగ్ ఐటీపీగా మారుతుంది, అంటే ప్యాకేజీ చేసే, అనగా డెబియన్‌లో పెట్టుకోవడానికి వీలుగా కట్టే, ఉద్దేశం ఉందని బహిరంగంగా చెప్పడం. సాఫ్ట్‌వేర్ లోపలికి చేరిన రోజున బగ్ మూతపడుతుంది. ఈ రెండింటి మధ్య వాలంటీర్లు చేసే చర్చ చూస్తే కొత్తవాళ్లకు విసుగొస్తుంది, పాతవాళ్లకు ముచ్చటేస్తుంది. నాకు రెండూ కలుగుతాయి. దానికి తోడు ఈమధ్య ఒక అనుమానం కూడా.

ముందు డెబియన్ ఎవరిదో చెప్పాలి. ఎవరిదీ కాదు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరులో సగం, తన పేరూ కలిపి దానికి పేరు పెట్టాడు. కంపెనీ లేదు, యజమాని లేడు. ఓటు హక్కున్న డెవలపర్లు ప్రపంచం మొత్తం మీద వెయ్యి మంది చిల్లర. ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ దీని మీదే నిలబడింది, మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా. మాదాపూర్‌లోనో విశాఖలోనో కూర్చుని రోజూ డాకర్ ఇమేజీలు (ప్రోగ్రామునూ దానికి కావలసినవన్నీ కలిపిన మూటలు) కట్టే కుర్రాళ్లలో చాలామంది, తమ మొదటి లైనులో పిలుస్తున్నది డెబియన్‌నే అన్న సంగతి కూడా పట్టించుకోరు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌లో 69,830 ప్యాకేజీలున్నాయి. వాటిలో 14,100కు పైగా కొత్తవి. ఒక్క సోర్సు (మూల కోడు) నుంచి నాలుగైదు ప్యాకేజీలు పుట్టొచ్చు కనుక అన్నిసార్లూ చర్చ జరిగిందని కాదు. అయినా తక్కువేమీ కాదు.

ఐటీపీ కాగితం ఎలా ఉంటుందంటే: ప్యాకేజీ పేరు, వెర్షను, అసలు రాసిన వాళ్లెవరు, ఎక్కడ దొరుకుతుంది, లైసెన్సు ఏమిటి, ఏ భాషలో రాశారు, ఒక్క లైనులో అది ఏం చేస్తుంది. ఈ ఒక్క లైను దగ్గరే సగం మంది తడబడతారు. 'అద్భుతమైన', 'అత్యంత వేగవంతమైన' లాంటి మాటలుంటే ఎవరో ఒకరు మర్యాదగా కొట్టేయమంటారు. సంతలో సరుకు అమ్ముతున్నట్టు కాకుండా ఔషధం డబ్బా మీద రాసినట్టు ఉండాలన్నది అక్కడి పద్ధతి. కింద అసలు ప్రశ్నలుంటాయి. ఇది ఎవరికి పనికొస్తుంది? ఇలాంటిది ఇప్పటికే ఒకటి ఉంటే దానికీ దీనికీ తేడా ఏమిటి? మీరే వాడుతున్నారా? దీన్ని ముందుముందు ఎలా చూసుకుంటారు, ఒక్కరేనా, బృందంతోనా?

పేరు దగ్గర జరిగే పేచీలు వేరే కథ. కంప్యూటరు పేర్లు ఊళ్లో ఇంటిపేర్ల లాంటివి కావు, ఒకే పేరు ఇద్దరికి కుదరదు. కోడులో మార్పుల లెక్క చూసే, ఇప్పుడు అందరికీ తెలిసిన గిట్ చాలాకాలం డెబియన్‌లో గిట్-కోర్‌గానే బతికింది, ఎందుకంటే గిట్ అన్న పేరును అంతకుముందే వేరే పాత ప్రోగ్రాము తీసుకుంది. క్రోమియం బ్రౌజరు వచ్చేసరికి క్రోమియం అన్న పేరుతో అంతరిక్షంలో విమానాలను కాల్చే ఆట ఒకటి కూర్చునుంది. అన్నింటికంటే రసవత్తరమైనది నోడ్ గొడవ. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్ రాకముందే, సరదాగా రేడియో నడిపే హ్యామ్ రేడియో వాళ్లకు నోడ్ అనే కమాండు ఉంది. లక్షల మంది వాడేది గొప్పదా, ముందొచ్చింది గొప్పదా? ఎవరూ తగ్గకపోతే విషయం టెక్నికల్ కమిటీ దాకా పోయింది. 2012లో కమిటీ తీర్పు ఏమిటంటే, ఆ పేరు ఇద్దరికీ వద్దు. రేడియో వాళ్లు పేరు మార్చుకున్నారు, జావాస్క్రిప్ట్ వాళ్లది నోడ్‌జేఎస్ అయింది. ఆ తర్వాత కొన్నేళ్లు మిగతా చోట్ల నడిచే నోడ్ స్క్రిప్టులు చాలా డెబియన్‌లో 'నోడ్ కనబడలేదు' అని ఆగిపోయేవి. న్యాయం జరిగింది, పని ఆగింది. నేనైతే ఆ తీర్పును ఇప్పటికీ సమర్థిస్తాను. పదిమంది వాడే ప్రోగ్రాముకూ లక్షమంది వాడే ప్రోగ్రాముకూ ఒకే కొలత వేసిన చోటు కంప్యూటరు లోకంలో ఇంకెక్కడుంది?

లైసెన్సు దగ్గర పట్టుదల ఇంకా ఎక్కువ. 1997లో రాసుకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలే అక్కడ రాజ్యాంగం. ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే జేసన్ పద్ధతికి డగ్లస్ క్రాక్‌ఫర్డ్ రాసిన కోడు లైసెన్సులో 'దీన్ని మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు' అని ఒక వాక్యం చేర్చాడు. వినడానికి ఎంత బాగుంది! డెబియన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కాదంది. మంచేదో చెడేదో ఎవరు తేలుస్తారు? ఏ పనికైనా వాడుకోవచ్చన్నది మార్గదర్శకాల్లో ఒకటి. 'మంచికి మాత్రమే' అన్నది దానికి అడ్డం. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలోని ఆ ముక్కను తీసేసి వేరేది పెట్టుకోవాల్సి వచ్చింది. నవ్వుకున్న వాళ్లున్నారు. కానీ ఇక్కడ తర్కం మాత్రం ఉక్కులాంటిది.

ఈ చర్చలన్నీ దాటాక న్యూ అనే క్యూ ఉంటుంది. కొద్దిమంది వాలంటీర్లు ప్రతి కొత్త ప్యాకేజీలోని ఫైళ్లు తెరిచి, ఏ ఫైలు ఎవరి కాపీరైటో, చెప్పిన లైసెన్సు నిజమేనా అని చూస్తారు. ఒక మూల ఫోల్డరులో ఎవరిదో బొమ్మ, ఎవరిదో ఫాంటు చెప్పకుండా దూరితే ప్యాకేజీ వెనక్కి. మళ్లీ సరిచేసి పంపాలి, మళ్లీ వరుసలో నిలబడాలి. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.

నా అనుమానం ఇక్కడే మొదలైంది. పెళ్లిచూపుల్లో గోత్రం, నక్షత్రం, మేనమామ జీతం దాకా ఆరా తీసే పెద్దలు, పెళ్లయిన పదేళ్లకు కాపురం ఎలా సాగుతోందని ఒక్కసారైనా అడుగుతారా? డెబియన్ మనుషుల చేత అడిగించే ప్రశ్నలన్నీ గుమ్మం దగ్గరే అయిపోతాయి. ఒకసారి లోపలికి వచ్చిన ప్యాకేజీని, ఏదో పగిలితే తప్ప, మళ్లీ ఎవరూ కూర్చోబెట్టి అడగరు. పెద్ద దెబ్బలేమో గుమ్మం దాటి ఏళ్లయిన వాటి వల్లే తగిలాయి.

మొదటిది 2008 మే నాటిది. రహస్య తాళంచెవులు తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో మెమరీ తప్పులు పట్టే పరికరం ఏదో హెచ్చరిక ఇస్తోందని, 2006లో డెబియన్ వైపు ఒకటి రెండు లైన్లు తీసేశారు. దురుద్దేశం ఏమీ లేదు, ముందు అడిగి చేసిన పనే. కానీ యాదృచ్ఛిక సంఖ్యలకు ప్రాణం ఆ లైన్లలో ఉంది. అవి పోయాక మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే. దాంతో ఒక్కో రకం తాళంచెవికి 32,768 రూపాలే సాధ్యం. రెండేళ్లపాటు డెబియన్, ఉబుంటు యంత్రాల్లో దాంతో పుట్టిన తాళాలన్నీ ఒక జాబితాలో రాసి పెట్టుకోగలిగినన్నే.

రెండోది ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్. 2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన డెబియన్ అస్థిర వెర్షన్‌లో (కొత్తవి ముందుగా వచ్చే, ఇంకా కుదురుకోని వెర్షన్) ఎస్ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి యంత్రంలోకి వెళ్లే లాగిన్, అర సెకను ఎక్కువ తీసుకుంటోందని గమనించి, ఆ అర సెకను వెంట పడి, కంప్రెషన్ లైబ్రరీలో దాచిన దొడ్డిదారి దాకా వెళ్లాడు. ఆ సాయంత్రం సర్వర్లు చూసుకునే మేమందరం సెలవు వదిలేసి సర్వర్లు ఒక్కొక్కటీ తెరిచి వెర్షను చూసుకున్నాం. అన్నీ స్థిరమైన డెబియన్ 12, అందులో ఉన్నది 5.4.1. విషం ఉన్నవి 5.6.0, 5.6.1. ఊపిరి పీల్చుకున్నాం. డెబియన్ వాళ్లు వెనక్కి వెళ్లాలనుకున్నా అక్కడ వెర్షను నంబరు తగ్గించడానికి వీల్లేదు. అందుకని కొత్త ప్యాకేజీకి '5.6.1+రియల్లీ5.4.5' అని పేరు పెట్టారు. పైకి అది, నిజానికి ఇది అని ఒప్పుకున్న నంబరు. నేను చూసిన వెర్షను నంబర్లలో ఇంత నిజాయితీ గలది ఇంకొకటి లేదు.

ఆ దొంగ ఎలా వచ్చాడన్నది ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ల తరబడి ఒంటరిగా మోసి అలసిపోయిన మనిషి ఒకరున్నారు. 'ఎందుకింత ఆలస్యం, వేరేవాళ్లకు అప్పజెప్పవచ్చుగా' అని ఊరూ పేరూ తెలియని ఖాతాలు ఆయన్ను 2022లో సతాయించాయి. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా ప్యాచులు పంపి, నమ్మకం సంపాదించి, పగ్గాలు పట్టుకున్నారు. చివరికి కొత్త వెర్షను త్వరగా పెట్టండని డెబియన్‌లో కూడా ఒక అపరిచిత ఖాతా వచ్చి ఒత్తిడి చేసింది.

ఇప్పుడు నిబంధన చూడండి. ఒక లైబ్రరీ పేరు చివర అంకె మారితే, ఉదాహరణకు 5 పోయి 6 వస్తే, ఎంత పాత ప్యాకేజీ అయినా మళ్లీ న్యూ క్యూలో నిలబడాలి. కాపీరైట్లు మళ్లీ చూస్తారు. కానీ దాన్ని రాసేవాళ్లే మారిపోతే? పదిహేనేళ్లుగా ఉన్న మనిషి తప్పుకుని ముఖం తెలియని మనిషి వస్తే? ఎక్స్‌జెడ్ లైబ్రరీ పేరులో అంకె మారలేదు. కాబట్టి గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. లోపలికొచ్చిన రోజున ఎక్స్‌జెడ్ నిజంగానే మచ్చలేనిది. అప్పటి ప్రశ్నలకు అప్పటి జవాబులు సరైనవే.

లోపల కాపలా బొత్తిగా లేదంటే అన్యాయం. పొరపాట్లు పట్టే లింటియన్ ఉంది, అస్థిరం నుంచి టెస్టింగ్‌కు వెళ్లేముందు పరీక్షలున్నాయి, సెక్యూరిటీ టీము ఉంది. ఒకే సోర్సు నుంచి ఎవరు కట్టినా అక్షరం పొల్లుపోకుండా అదే ఫైలు రావాలన్న పని ఏళ్లుగా సాగుతోంది. వదిలేసిన ప్యాకేజీని వేరేవాళ్లు చేపట్టడానికి 2018లో ఒక పద్ధతి కూడా పెట్టారు. అంతకుముందు యజమాని పలక్కపోయినా తాకడానికి జంకేవాళ్లు. కానీ వీటిలో ఎక్కువ యంత్రం చేసే పనులు, లేదా పగిలాక చేసే పనులు. 'దీన్ని ఎవరు చూసుకుంటున్నారు, వాళ్లు బాగానే ఉన్నారా' అన్న ప్రశ్న ఏ యంత్రమూ అడగదు. ఐటీపీలో ఉన్న ఆఖరి ప్రశ్న సరిగ్గా అదే. చర్చలో అందరికంటే తక్కువ మాటలు ఖర్చయ్యేది కూడా దాని మీదే. లైసెన్సు మీద నలభై జవాబులొస్తాయి. 'నేనే చూసుకుంటాను' అన్న రెండు మాటలకు అందరూ తలూపుతారు.

నేను మార్పు చేయగలిగితే, న్యూ క్యూలో లైసెన్సుల తనిఖీకి పోసే శ్రమలో కొంత తీసి, నాలుగేళ్లకోసారి ప్రతి ప్యాకేజీకీ ఐటీపీని మళ్లీ రాయిస్తాను. అవే ప్రశ్నలు. జవాబు రాకపోతే ప్యాకేజీ తీసేయనక్కర్లేదు, జవాబు రాలేదన్న సంగతి వాడేవాళ్లకు కనబడితే చాలు. వాలంటీర్ల నెత్తిన ఇంకో పని పెడతావా అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. కానీ కొత్తది తెచ్చేవాడికి దొరికే ఉత్సాహం, చప్పట్లు, పాతదాన్ని మోసేవాడికి దొరకడం లేదన్నది కూడా అంతే నిజం.

మన తెలుగు సంగతికి వస్తే ఇది ఇంకా దగ్గరగా తగులుతుంది. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ఫాంట్స్-తెలు అన్న ప్యాకేజీగా ఉన్నాయి. లోహిత్ తెలుగు విడిగా ఉంది. అచ్చు పేజీ ఫొటోలోంచి తెలుగు అక్షరాలు చదివే టెస్సరాక్ట్ ఫైలూ ఉంది. ఫాంటును ఉచితంగా ఇవ్వడం వేరు, మార్చుకుని పంచుకోవచ్చని రాసివ్వడం వేరు. ఇంటర్నెట్‌లో 'ఉచితం' అని దొరికే తెలుగు ఫాంట్లు ఎన్నో ఆ రెండో కాగితం లేక ఈ గుమ్మం ఎక్కలేవు. ఆ పట్టుదల మనకు మేలే చేసింది. టెస్సరాక్ట్ ఫైలు ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. అది మనిషి రాసింది కాదు, శిక్షణతో తయారైంది. అలాంటి మోడళ్లకు శిక్షణ డేటా కూడా ఇస్తేనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనాలా అన్న దానిపై 2025లో డెబియన్‌లో ఓటింగు ప్రతిపాదన వచ్చి, ఇంకా ఆలోచించాలని వెనక్కి వెళ్లింది. మళ్లీ వస్తుంది. గుమ్మం దగ్గరి చర్చలకు కొరత ఎప్పుడూ ఉండదు.

లోపలి సంగతి తెలుసుకోవాలంటే మాత్రం ఒక చిన్న దారి ఉంది. డెవ్‌స్క్రిప్ట్స్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే అందులో డబ్ల్యూఎన్‌పీపీ-అలర్ట్ అనే కమాండు ఉంటుంది. మీ మిషన్లో ఉన్న ప్యాకేజీల్లో దిక్కులేనివి, దిక్కు కోసం చూస్తున్నవి ఏవో అది వరసగా చెబుతుంది. లైను మొదట్లో ఓ అని ఉంటే అనాథ. ఆర్ఎఫ్ఏ అంటే ఇంకొకరికి అప్పగించాలని చూస్తున్నారు. ఆర్ఎఫ్‌హెచ్ అంటే మోయలేక సాయం అడుగుతున్నారు. మొన్న రాత్రి నా లాప్‌టాప్‌లో నడిపాను. తెర నిండి పైకి జరిగింది. రోజూ వాడేవి, పేరు కూడా పట్టించుకోనివి, అందులో రెండు లేనిదే నా ఉద్యోగం ఒక్క పూట నడవదు. ఒక ఆర్ఎఫ్‌హెచ్ పక్కనున్న బగ్ నంబరు తెరిచి చూశాను. సాయం కావాలని రాసిన పేరా, దాని కింద తేదీ, ఆ తర్వాత ఖాళీ.