పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారు?

ఉద్యోగులు మనసుపెట్టి పనిచేస్తున్నారా లేదా తెలుసుకోవడానికి కంపెనీలు ఏటా సర్వేలు పంపుతాయి. పేరు రాయక్కర్లేదంటారు కానీ, ఆరుగురున్న టీమ్‌లో ఎవరేం రాశారో మేనేజర్ ఇట్టే పట్టేస్తాడు. అందుకే అమెరికాలో వీసా మీదున్న మనవాళ్లు చాలామంది అన్నిటికీ ‘బాగుంది’ అని టిక్ పెట్టి పంపేస్తారు.

ఆ సర్వేల్లో బయటపడని దాని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హెచ్-1బి (అమెరికా వర్క్ వీసా) ఉద్యోగి పనితీరు మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపే హెచ్‌ఆర్ నిర్ణయం పెర్మ్, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేయాల్సిన మొదటి దరఖాస్తు, ఎప్పుడు మొదలుపెడతారన్నదే. హెచ్-1బి గడువు మామూలుగా ఆరేళ్లు. పెర్మ్ దాఖలై ఏడాది దాటితే ఆ తర్వాతా ఏడాదేసి పొడిగింపు దొరుకుతుంది. దాని తర్వాత కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్ ఐ-140 ఆమోదమైతే మూడేళ్ల చొప్పున ఇస్తారు. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబసభ్యుల వీసా) మీదున్న భార్యో భర్తో ఉద్యోగం చేసుకునే వీలు 2015లో వచ్చింది, అదీ చాలావరకు ఐ-140తోనే ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోవడానికి చేతిలో మహా అయితే 60 రోజులు. అలాంటప్పుడు పెర్మ్ గురించి అడిగితే “వచ్చే రివ్యూ అయ్యాక చూద్దాం” అన్న ఒక్క మాట చాలు, ఇంటిల్లిపాదికీ నిద్రపట్టదు.

ఆ టెన్షన్ ఆఫీసులో ఎలా బయటపడుతుందో దగ్గరగా చూశాను. రిలీజ్ రెండు రోజులుందనగా డిజైన్‌లో లోపం కనిపిస్తుంది. చెబితే తేదీ జరుగుతుంది, డైరెక్టర్‌కి కోపం వస్తుంది. వీడియో మీటింగ్‌లో మ్యూట్ తీయబోయిన మంచి ఇంజనీర్ ఆగిపోతాడు. ఆ లోపం కస్టమర్ దగ్గర బయటపడుతుంది.

తప్పు ఎత్తిచూపినా తమకేం కాదన్న భరోసా ఉన్న టీమ్‌లు బాగా నేర్చుకుంటాయని హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లోనే చూపించారు. హైదరాబాద్‌లో పుట్టిన శంతను నారాయణ్ సారథ్యంలో అడోబ్ 2012లో వార్షిక రివ్యూను తీసేసి, ఏడాది పొడవునా మాట్లాడుకునే పద్ధతి పెట్టింది. ఉద్యోగులకు ర్యాంకులిచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. మంచి మార్పులే. అయినా వీసా భయం తీరనివాడికి వాటివల్ల దక్కేది సగమే.

మనలో ఇప్పుడు మేనేజర్లు, డైరెక్టర్లు చాలామంది ఉన్నారు. మీకు నా విన్నపం. చేరిన ఏడాదిలోపే పెర్మ్ మొదలుపెడతామని ఆఫర్ లెటర్‌తోపాటే రాసివ్వమని మీ హెచ్‌ఆర్‌ని అడగండి. లేఆఫ్‌ల తర్వాత కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చు. అప్పుడు ఆపామని, మళ్లీ ఫలానా నెలలో చూస్తామని ఆ ఉద్యోగికి మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట విననివ్వకండి.