మొద్దుబారిన కాళ్ళతో గులకరాళ్ళ మీద నడవమంటారా?

"షుగర్ జబ్బు కాదు, వ్యాపారం" అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. బంధువుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. "అన్నయ్యా, నీకు పనికొస్తుంది, తప్పకుండా చదువు" అని మా బాబాయి కూతురు విడిగా కూడా పంపింది. పంపేవాళ్ళందరూ నా మంచి కోరేవాళ్ళే. అందుకే ఇన్నాళ్ళూ దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: షుగర్ ఉందని తేల్చే హద్దులు కంపెనీలు కావాలని దించినవి. బెల్లం, తేనె తినొచ్చు. చిరుధాన్యాలు ఎంతైనా తినొచ్చు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీలను తినేస్తుంది. ఇన్సులిన్ ఒకసారి మొదలెడితే జన్మంతా బానిసే. కాకర రసం, మెంతులతో 21 రోజుల్లో నయమవుతుంది, ఒంట్లో హుషారుగా అనిపించగానే మందులు ఆపేయాలి. కాళ్ళ తిమ్మిర్లకు రోజూ పొద్దున అరగంట చెప్పుల్లేకుండా గులకరాళ్ళ మీద నడవాలి.

హద్దుల సంగతిలో సగం నిజం ఉంది. పరగడుపున 140 ఉంటేనే డయాబెటిస్ అనే పాత లెక్కను అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 1997లో 126కు దించింది. ఎందుకు దించిందో మాత్రం మెసేజ్ చెప్పదు. 140 లోపు ఉన్నవాళ్ళ కళ్ళు పరీక్షిస్తే రెటీనాలో రక్తనాళాలు అప్పటికే దెబ్బతిని కనిపించాయి. గ్లూకోజ్ నీళ్ళు తాగిన రెండు గంటలకు 200 దాటుతున్నవాళ్ళలో చాలామందికి పరగడుపున 140 ఉండటమే లేదు. అంటే పాత హద్దు జబ్బున్నవాళ్ళను లేదని ఇంటికి పంపేస్తోంది. దాన్ని సరిదిద్దడం కుట్ర ఎలా అవుతుంది?

బెల్లం చక్కెరే. రంగు వేరు, అంతే. తేనె గ్లూకోజు, ఫ్రక్టోజుల పాకం. బెల్లంలో ఇనుము ఉంది కదా అంటారు. ఇనుము కావాలంటే తోటకూర తినండి.

చిరుధాన్యాల మీద నాకు కోపం లేదు. పాలిష్ పట్టిన తెల్లన్నం కంటే కొర్రలు, అరికెలు మేలే, పీచు ఎక్కువ. నేనూ తింటాను. కానీ వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే, కొర్రల్లో 60 దాకా ఉంటుంది. "ఎంతైనా తినొచ్చు" అన్న మాటకు అక్కడే చెల్లు. రాగుల సంగతి మరీను. మెత్తగా పిండి కొట్టి, జావ కాచి, పెద్ద గ్లాసుడు గటగటా తాగేస్తే నమిలే పని కూడా ఉండదు, వెంటనే అరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. నమ్మకపోతే తాగిన తర్వాత వేలు పొడిచి మీటరు చూసుకోండి.

మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. పాడుచేసేది ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్, బీపీ. కిడ్నీల పని బాగా తగ్గినవాళ్ళకు ఆ మందు ఒంట్లో నిల్వ ఉండిపోతుంది కాబట్టి డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. "కిడ్నీ రిపోర్టు చూసి డాక్టరే ఆపేశాడు, అంటే మందు వల్లే పోయింది" అని జనం తిరగేసి అర్థం చేసుకుంటున్నారు. ఇది 1957 నుంచీ వాడుకలో ఉన్న మందు. దీని మూలం యూరప్‌లో పూర్వం మూలికగా వాడిన గలేగా అనే మొక్కలోని పదార్థం. మూలికలంటే అంత ప్రాణమిచ్చే ఈ మెసేజ్‌కు ఆ సంగతి తెలియదు. ఎవరి పేటెంటూ లేని, చవగ్గా దొరికే మాత్ర అమ్ముకోవడానికి ప్రపంచమంతా కుట్ర పన్నిందట!

అయితే ఈ మందు మీద ఒక ఫిర్యాదు నేనే ఒప్పుకుంటాను. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో విటమిన్ బి12 తగ్గిపోతుంది. బి12 తగ్గినా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. దాన్ని షుగర్ తిమ్మిర్లే అనుకుని ఏళ్ళు గడిపేసేవాళ్ళున్నారు. మాంసం, గుడ్లు తినని ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. రక్తపరీక్ష రాయమని అడగండి. మెసేజ్ రాసినాయన ఈ నిజం రాసి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ణి.

ఇన్సులిన్‌కు బానిసలవుతారన్న మాట చదివినప్పుడల్లా నా ఒళ్ళు మండిపోతుంది. టైప్ 1 పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ కుర్రాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చేదాకా అలాంటి పిల్లలను ఆకలితో మాడ్చి కొన్నాళ్ళు బతికించడం తప్ప ఎవరికీ ఏమీ చేతకాలేదు. ఆ మందు కనిపెట్టినవాళ్ళు పేటెంటును యూనివర్సిటీకి ఒక్కో డాలరుకు రాసిచ్చేశారు. ఈ మెసేజ్ చదివి ఏ తల్లయినా బిడ్డకు ఇన్సులిన్ ఆపితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో రోజుల్లోనే ఐసీయూ. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించేది టైప్ 2, అందులో ఇన్సులిన్ తయారైనా చాలదు, సరిగ్గా పనిచేయదు. రాసినవాళ్ళు ఈ రెంటికీ తేడా కూడా రాయలేదు.

ఇక 21 రోజుల నయం. కాకర మంచి కూర, తినండి. మెంతులకు షుగర్‌ను కొంత తగ్గించే గుణం ఉందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లోనే తేలింది. మందులు మానేంత గుణం అని మాత్రం తేలలేదు. మందుల్లేకుండా షుగర్ నార్మల్‌కు రావడం అసాధ్యమా అంటే, కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. టైప్ 2 వచ్చి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని, బరువెక్కువ ఉన్నవాళ్ళను మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 క్యాలరీల మీద ఉంచారు. ఏడాదికి 46 శాతం మంది మందులు అక్కర్లేని స్థితికి వచ్చారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్ళలోనైతే 86 శాతం. వాళ్ళకు మందులు ఆపింది డాక్టర్లు, పరీక్షలు చేస్తూ ఆపారు. హుషారును చూసి కాదు. 250 షుగర్‌తో హాయిగా పెళ్ళిళ్ళలో తిరిగేవాళ్ళు నాకు తెలుసు. ఒంట్లో బాగానే ఉందన్న మాటను ఈ జబ్బులో సాక్ష్యంగా తీసుకోలేం.

కాళ్ళ విషయంలో అసలే తీసుకోలేం. మెసేజ్‌లో అందరూ తేలిగ్గా దాటేసే ఆ చివరి పాయింటే అన్నింటికంటే ప్రమాదం. షుగర్ దెబ్బకు ముందు పోయేవి అన్నింటికంటే పొడవైన నరాలు, అంటే పాదాలకు వెళ్ళేవి. మొదట మంటలు, తిమ్మిర్లు. తర్వాత మొద్దుబారడం. నొప్పి తగ్గింది కదా అని మనిషి సంతోషిస్తాడు, నిజానికి పోయింది స్పర్శ. అలాంటి పాదాన్ని పార్కులో ఆక్యుప్రెషర్ ట్రాక్ అని పరిచిన గులకరాళ్ళ మీదకు పంపితే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు.

మా మేనత్త ఒక మండు వేసవిలో మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి వచ్చింది. ఇంట్లో నడుస్తుంటే నేల మీద తడి అచ్చులు పడుతున్నాయని కోడలు చూసింది. అరికాలు తిప్పి చూస్తే అన్నీ బొబ్బలు, ఒకటి చితికి కారుతోంది. "నాకేం నొప్పి లేదే" అంది అత్త. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది.

కుష్ఠు రోగంలో వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని ఒకప్పుడు అందరూ నమ్మేవాళ్ళు. రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ అది తప్పని చూపించారు. స్పర్శ పోయిన పాదానికి దెబ్బ తగిలినా తెలియక, ఆ పుండు మీదే నడిచీ నడిచీ పోగొట్టుకుంటున్నారని తేల్చారు. ఆ రోగుల కోసం మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు చేయించారు. ఇప్పుడు మన డాక్టర్లు షుగర్ వాళ్ళకు రాసే ఎంసీఆర్ చెప్పులు ఆ రబ్బరువే. అంత కష్టపడి కాళ్ళకు తొడిగిన చెప్పుల్ని ఈ మెసేజ్ విప్పించేస్తోంది.

దీన్ని ఎవరికైనా పంపి ఉంటే వాళ్ళకు ఫోన్ చేయండి. తిమ్మిర్లున్నవాళ్ళు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలని, వేసుకునే ముందు దులపాలని చెప్పండి. రాత్రి పడుకునే ముందు అద్దం పెట్టుకుని అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి, కళ్ళు ఆనకపోతే ఇంట్లోవాళ్ళు చూడాలి. వేణ్ణీళ్ళు కాళ్ళకు తగలకముందే మోచేత్తో చూడాలి. ఆనెలను బ్లేడుతో కోయకూడదు, మందు పట్టీలు అంటించకూడదు. ఏడాదికోసారి డాక్టరు నైలాన్ తీగతో అరికాలు తాకి స్పర్శ ఎంతుందో చూస్తారు, చూడకపోతే అడగండి. పాదం మీద ఎక్కడైనా చర్మం చిట్లినా, రంగు మారినా, వాపొచ్చినా పసుపు అద్ది వారం చూద్దాం అనుకోవద్దు. ఆ రోజే చూపించండి.