50 ఏళ్ల సేవకు 112 శాలువాలు

మా కాలేజీకి 50 ఏళ్లు నిండాయి. అనంతపురం జిల్లాలో ఒక మూల మండలంలో ఉండే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అది. నేను అక్కడే బీఏ వెలగబెట్టాను కాబట్టి పూర్వ విద్యార్థుల కోటాలో నాకూ స్వర్ణోత్సవ ఆహ్వానం అందింది. నాలుగు మడతల కార్డు. పనిలేక లెక్కపెట్టాను. ‘సేవ’ అనే మాట 11 సార్లుంది, ‘గౌరవనీయులు’ 27 సార్లుంది. ‘విద్యార్థులు’ మాత్రం ఒక్కసారే. అదీ అట్టడుగున, ‘విద్యార్థులు ఉదయం 7 గంటలకే యూనిఫాంలో హాజరు కావలెను’ అన్న చోట.

ఒక కాలేజీ ఎంత సేవ చేసిందో కొలవడానికి మన దేశంలో సరైన సాధనం లేదు. కాలేజీలను తనిఖీ చేసి గ్రేడు ఇవ్వడానికి 1994లో న్యాక్ అని ఒకటి పెట్టారు గానీ, వాళ్లది మహా తలనొప్పి వ్యవహారం. ఏడు క్రైటీరియాలంటారు, బండెడు ఫైళ్లంటారు, టీమ్ వచ్చే ముందురోజు నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకు తేవాలి, వెళ్లిన మర్నాడు పగలకుండా వాపసు ఇవ్వాలి. ఇంత చేస్తే వచ్చేది ఒక అక్షరం. మావాళ్లు అంతకన్నా తేలికైన కొలత కనిపెట్టారు. శాలువా. ఏడాదికి రెండు శాలువాల చొప్పున 100, అనుకోని భుజాల కోసం మరో 12. దీనికి కొనుగోలు కమిటీ, మడతల కమిటీ, అందింపు కమిటీ వేశారు. ఫిజిక్స్ ల్యాబు తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి కూడా ఒక కమిటీ వేస్తారేమోనని ఆశపడ్డాను. శాలువాలు పెట్టుకోవడానికి గది కావలసి వచ్చినప్పుడు ఆ చెవి దానంతటదే దొరికింది.

ఈ కాలేజీ రాకముందు మా పిల్లలకు డిగ్రీ అంటే అనంతపురమే దిక్కు. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైన ఆర్ట్స్ కాలేజీ ఉండేది అక్కడ. సీటు దొరికినా రూము అద్దె ఎవరిస్తారు? మగపిల్లలనైతే అప్పోసప్పో చేసి పంపేవాళ్లు. ఆడపిల్ల టెన్తు పాసైతే సంబంధాలు చూసేవాళ్లు. అలాంటి రోజుల్లో, శనక్కాయలు బాగా కాసిన ఒక ఏడు, పెద్దమనుషులు ఎద్దులబండి కట్టుకుని ఊరూరా తిరిగారు. ఇంటికో మూట అడిగి, అమ్మి, నాలుగు గదులు లేపారు. రోడ్డు పక్క ఐదెకరాలు రాసిచ్చిన రైతుకు సంతకం రాదు, వేలిముద్రే. ఆయన పేరు చెక్కిన కడప బండ ఒకటి వరండాలో ఉండేది. ఇప్పుడది నీళ్ల ట్యాంకు కింద ఉంది, ట్యాంకు ఊగకుండా ఎత్తు సరిచేయడానికి. దాని స్థానంలో నల్ల గ్రానైటు వచ్చింది. 23 పేర్లు, బంగారు రంగు అక్షరాలు. చదివి చూశాను. మూట శనక్కాయలు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

ఇక సభ. 10 గంటలకన్నారు. ముఖ్య అతిథి 2 గంటల ముప్పావుకు వచ్చారు. ఆయన ఒక్కరే వస్తే 112 సరిపోయేవి. వెంట 30 మంది అనుచరులు, వాళ్ల వెంట వాళ్ల అనుచరులు. వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరుసల నుంచి నాలుగు వరుసలయ్యాయి. దండలు అయిపోయాయి, వేసిన దండలే తీసి మళ్లీ వేశారు. అంతవరకు లోకంలో ఉన్నదే. తర్వాత శాలువాలు కూడా అయిపోయాయి. అప్పుడు అందింపు కమిటీ కన్వీనరు చూపిన సమయస్ఫూర్తిని సిలబస్‌లో పెట్టాలి. ముందు వరుసలో శాలువా కప్పుకుని కునుకు తీస్తున్న రిటైర్డ్ ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి మెల్లగా వంగి, ‘సార్, ఒక్క నిమిషం’ అని భుజం మీది నుంచి లాగేశాడు. పెద్దాయన ఉలిక్కిపడి, దించే వేళయిందనుకున్నారో ఏమో, లేచి దణ్ణం పెట్టారు. ఆ శాలువా ఎడమ మెట్ల గుండా దిగింది, వెనకనుంచి చుట్టొచ్చి కుడి మెట్ల గుండా ఎక్కింది, మండలంలో ఇసుక వ్యవహారాలు చూసుకునే ఒక విద్యాప్రియుడి భుజమెక్కింది. ఫోటో. దిగింది. మళ్లీ ఎక్కింది. నేను దాని అంచు మీద పసుపు మరకను గుర్తుపెట్టుకుని లెక్కించాను. ఆ ఒక్క శాలువా తొమ్మిది మందిని సన్మానించింది. మా కాలేజీ చరిత్రలో అంత నిర్విరామంగా సేవ చేసినది అదొక్కటే.

ముఖ్య అతిథి మాట్లాడారు. విద్యకు ఎంత చేసినా తక్కువేనన్నారు. అక్షరాలా నిజం. దేశ ఆదాయంలో 6 శాతం చదువుకు పెట్టండయ్యా అని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం ఆ 6 శాతానికే మళ్లీ ఒక శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టింది. తర్వాత ఆయన తెలుగు తీపి గురించి పావుగంట చెప్పారు. 2021లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్న దగ్గర్నుంచి లైబ్రరీలో తెలుగు మీడియం పుస్తకాల బీరువాకు తాళం పడింది. ఆ తీపిని చెదలు చూసుకుంటున్నాయి.

ఈలోపు 4 గంటల బస్సు వెళ్లిపోయింది. ప్రార్థనా గీతం పాడటానికి పొద్దున 7 నుంచి నిలబెట్టిన ఆడపిల్లలు ఎనిమిది మంది. వందన సమర్పణలో కూడా వాళ్లే పాడాలట, అందుకని వదల్లేదు. చీకటిపడ్డాక వాళ్ల నాన్నలు బైకుల మీద వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన కూతురితో ఏమీ అనలేదు, వేదిక వైపు చూసి ఉమ్మేశాడు.

ఇంతవరకు నవ్వుతూనే రాశాను. ఇక నావల్ల కాదు. స్వర్ణోత్సవం మూడు రోజులు. మూడు రోజులూ క్లాసుల్లేవు. క్లాసు లేకపోతే పీరియడ్ లేదు, పీరియడ్ లేకపోతే గెస్ట్ ఫ్యాకల్టీకి డబ్బు లేదు. వాళ్లకు నెలజీతం ఉండదు, చెప్పిన పీరియడ్‌కు ఇంత అని లెక్క. మా కాలేజీలో ఆరుగురున్నారు. వాళ్లు లేకపోతే ఫిజిక్సు లేదు, ఎకనామిక్సు లేదు, ఆ మాటకొస్తే కాలేజీ లేదు. సావనీరు ప్రూఫులు దిద్దింది వాళ్లు. పిల్లలకు డాన్సు నేర్పింది వాళ్లు. టెంట్ హౌస్ కుర్చీలు మోసింది, ఆ దిక్కుమాలిన శాలువాలు మడతపెట్టింది కూడా వాళ్లే. సేవకు ఉత్సవం చేస్తూ, సేవ చేసేవాడి మూడు రోజుల కూలీ కోసేశారు. సిగ్గనేది ఉండొద్దా? గెస్టంటే అతిథి అట. అతిథి చేత అంట్లు తోమించుకుని, అన్నం పెట్టకుండా పంపే ఇల్లు ఈ సీమలో ఎక్కడైనా ఉందా? కరువులో కూడా లేదు.

చివరికి టెంటు విప్పుతుండగా ఎవరికో గుర్తొచ్చింది. ‘గెస్టు వాళ్లనూ పిలవండి’ అన్నారు. ఆరుగురికీ కలిపి ఒక్క శాలువా మిగిలింది. అదే, పసుపు మరకది. ఇద్దరు అంచులు పట్టుకుంటే మిగతా నలుగురు మధ్యలో ఒదిగి నిలబడ్డారు. ఫోటోగ్రాఫరు అప్పటికే వెళ్లిపోయాడు కాబట్టి నేనే ఫోన్‌లో తీశాను. ఫిజిక్సు సారు మా పక్క ఊరివాడే, ఎమ్మెస్సీ చేసి 11 ఏళ్లుగా ఇక్కడ గెస్టు. ‘ఇది ఏం చేస్తావబ్బీ?’ అన్నాను. ‘ఆరు ముక్కలు చేయలేం కదన్నా, వాపసిస్తే ఆరుగురికీ తలా ఇంతొస్తుంది’ అన్నాడు.

మర్నాడు అనంతపురం పనుండి ఇద్దరం కలిసే వెళ్లాం. కొన్న కొట్టుకే తీసుకెళ్లాడు. కొట్టాయన దాన్ని వెలుతురు వైపు పట్టి, మరక చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ‘ఎంతమంది కప్పుకున్నారు సార్ దీన్ని?’ అన్నాడు.

‘పదిహేను మంది’ అన్నాడు మావాడు.

‘మడత విప్పితేనే తీసుకోం సార్.’