సవరణ: వయసుతో సృజనశక్తి తరిగిపోతుందన్న వాక్యం గురించి

బాల్యంలో నిండుగా ఉండే సృజనశక్తి యౌవనానికి వచ్చేసరికి అడుగంటుతుందని గత టపాలో ఉన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలని మనవి: సృజనశక్తి అంతా ఒకే తీరుగా తగ్గదు, అందులోని ఒక్కో సామర్థ్యం ఒక్కో వయసులో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది.

అమెరికాలోని మిన్నెసోటాలో ఈ. పాల్ టోరెన్స్ అనే మనస్తత్వవేత్త బడిపిల్లల సృజనశక్తిని వరుసగా కొన్నేళ్లు పరీక్షించి, నాలుగో తరగతిలో, అంటే సుమారు తొమ్మిది పదేళ్ల వయసులో, చాలామంది మార్కులు పడిపోవడం గమనించారు. పాత వాక్యానికి ఆధారం అదే. అయితే వారిలో కొందరు తర్వాతి తరగతిలో పుంజుకున్నారన్నది కూడా ఆయన పరిశీలనే. దానిని వదిలేసి పడిపోవడాన్ని మాత్రమే చెప్పడం ఆ పిల్లలకు అన్యాయం.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం 12 నుంచి 30 ఏళ్ల మధ్య నాలుగు వయోవర్గాలను పోల్చింది. చిక్కు సమస్యకు తళుక్కున పరిష్కారం తోచే శక్తి వయసుతో పెరిగింది. ఆకారాలతో కొత్త ఆలోచనలు చేయడంలో మాత్రం 15, 16 ఏళ్లవారు పెద్దలను మించారు. యౌవనంలో అంతా క్షీణతే అనడానికి ఇక తావు లేదు.

ఇటువంటి పరీక్షల్లో ఇటుకతో ఏమేం చేయవచ్చని అడుగుతారు. గోడ, పొయ్యి, తలుపు కదలకుండా అడ్డం అని రాస్తే జవాబుల సంఖ్య పెరుగుతుంది; పొడిచేసి ముగ్గులో ఎరుపు రంగుగా నింపవచ్చని రాస్తే, ఇతరులకు అది అరుదుగా తోచేదైతే, నవ్యతకు విడిగా మార్కులు పడతాయి. గత టపాలో ఈ రెండింటినీ ‘సృజన’ అన్న ఒక్క మాట కిందే చెప్పడం జరిగింది; పాఠకులు వాటిని విడదీసి చూడగలరు.